ప్రశ్న గుర్తు ముందు ఖాళీ: ఇంగ్లీషులో తప్పు, ఫ్రెంచ్‌లో రూలు

ఇవాళ టాపిక్ కొంచెం వింతగా ఉంటుంది. స్క్రీన్ మీద రెండు లైన్లు పెడుతున్నా, జాగ్రత్తగా చూడండి.

బాగున్నారా?

బాగున్నారా ?

తేడా పట్టుకున్నారా? మొదటి లైన్‌లో ప్రశ్న గుర్తు అక్షరాన్ని ఆనుకుని ఉంది. రెండో దాంట్లో మధ్యలో ఒక ఖాళీ ఉంది. స్పేస్ బార్ ఒక్కసారి నొక్కినంత తేడా, అంతే. ఇందులో ఏది కరెక్ట్ అని అడిగితే "అదీ ఒక డౌటేనా బ్రో" అంటారు మనోళ్ళు. కానీ ఇంగ్లీషు పుస్తకాలు దిద్దే ఎడిటర్‌ని లండన్‌లో అడగండి, మొదటిదే కరెక్ట్ అంటారు. ఫ్రెంచ్ పుస్తకాలు దిద్దే ఎడిటర్‌ని పారిస్‌లో అడగండి, రెండోదే కరెక్ట్ అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. ఎవరి భాషకి వాళ్ళ రూలు.

ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క ఖాళీ గురించే. ఖాళీ అంటే ఏమీ లేకపోవడం అని మనం అనుకుంటాం కదా. కంప్యూటర్‌కి మాత్రం ఖాళీ కూడా ఒక అక్షరమే. దానికో నంబర్ ఉంది, అందులో రకాలున్నాయి. ఏది ఎక్కడ పెట్టాలో తెలియకపోతే ఏమవుతుందో తెలుసా? మీ ఈమెయిల్ చదివినవాళ్ళు మీ గురించి ఒక అభిప్రాయానికి వచ్చేస్తారు. యాప్‌లో స్క్రీన్ పాడవుతుంది. ఒక్కోసారి నడుస్తున్న కోడ్ కూడా ఆగిపోతుంది. ఇవన్నీ ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఇంగ్లీషు సంగతి. చాలా సింపుల్. కామా, ఫుల్‌స్టాప్, కోలన్, సెమీకోలన్, ప్రశ్న గుర్తు, ఆశ్చర్యార్థకం, ఈ ఆరింటికీ ఒకటే రూల్. ముందు ఖాళీ ఉండదు, తర్వాత ఒక ఖాళీ ఉంటుంది. బ్రాకెట్లకి, కోట్స్‌కి బయట ఖాళీ ఉంటుంది, లోపల ఉండదు. డ్యాష్ దగ్గర మాత్రం ఇంగ్లీషు వాళ్ళలోనే రెండు పద్ధతులున్నాయి. అమెరికాలో పుస్తకాలు వేసేవాళ్ళు పొడుగు డ్యాష్‌ని రెండు వైపులా ఖాళీ లేకుండా పెడతారు. బ్రిటన్‌లో చాలామంది పొట్టి డ్యాష్ పెట్టి, అటూ ఇటూ ఖాళీ వదులుతారు.

ఇప్పుడు మన వాట్సాప్ గ్రూపులు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. "హాయ్ ,ఎక్కడున్నావ్ ?త్వరగా రా ." ఇలా ఉంటాయి మెసేజ్‌లు. ఖాళీ ఎక్కడ ఉండకూడదో అక్కడ ఉంది, ఎక్కడ ఉండాలో అక్కడ లేదు. ఫ్రెండ్స్ మధ్య ఇదేం పెద్ద తప్పు కాదు, ఎవరూ పట్టించుకోరు. కానీ అదే అలవాటు రెజ్యూమేలోకి, యూనివర్సిటీకి పంపే లెటర్‌లోకి వెళ్ళిందనుకోండి, చదివేవాళ్ళ కళ్ళకి అదే ముందు తగులుతుంది. విషయం ఎంత బాగా రాసినా "ఈ అబ్బాయి ఒకసారి కూడా చదువుకోకుండా పంపేశాడు" అనిపిస్తుంది.

ఫుల్‌స్టాప్ తర్వాత ఖాళీ వదలకపోతే ఇంకో తలనొప్పి కూడా ఉంది. ఇంగ్లీషులో "డన్" అని రాసి, చుక్క పెట్టి, ఖాళీ ఇవ్వకుండా వెంటనే "సో" అని రాశారనుకోండి. చాలా చాట్ యాప్‌లు దాన్ని వెబ్‌సైట్ అడ్రస్ అనుకుని నీలం రంగు లింక్ చేసేస్తాయి. ఎందుకంటే "సో" అనే ఆ రెండు ఇంగ్లీషు అక్షరాలే సోమాలియా దేశం వెబ్ అడ్రస్ తోక. "ఇన్" మన దేశానిది. "ఇట్" ఇటలీది. "ఈజ్" ఐస్‌లాండ్‌ది. "మీ" మాంటెనీగ్రోది. "నో" నార్వేది. అన్నీ రోజూ వాడే చిన్న ఇంగ్లీషు మాటలే. అంటే మీరు వదలని ఒక్క ఖాళీ వల్ల, మీరు పంపాలనుకోని లింక్ ఒకటి వెళ్ళిపోతుంది. అవతలివాళ్ళు దాన్ని నొక్కితే ఏ సైట్‌కి వెళ్తారో మీ చేతుల్లో ఉండదు.

సరే, ఇప్పుడు ఫ్రెంచ్‌కి వద్దాం. అక్కడ పిల్లలకి నేర్పే చిట్కా భలే ఉంటుంది. గుర్తు ఒక ముక్కతో ఉందా, రెండు ముక్కలతో ఉందా లెక్కపెట్టు అంటారు. ఫుల్‌స్టాప్ ఒక్క చుక్క, కామా ఒక్క ముక్క. వీటికి ఒకటే ఖాళీ, తర్వాత మాత్రమే. కోలన్‌లో రెండు చుక్కలు. సెమీకోలన్‌లో చుక్కా, కామా. ప్రశ్న గుర్తులో కొక్కెం, చుక్క. ఆశ్చర్యార్థకంలో గీత, చుక్క. రెండు ముక్కలున్నాయి కాబట్టి వీటికి రెండు ఖాళీలు. ముందొకటి, తర్వాతొకటి. ఒక్కసారి వింటే ఇక మర్చిపోరు.

అందుకే వాళ్ళు "బోంజూర్ !" అని రాస్తారు. "సా వా ?" అని రాస్తారు. ఇక కోట్స్ దగ్గర మనకు తెలిసిన కామాల్లాంటి గుర్తులకి బదులు కోణాల గుర్తులు వాడతారు. వాటి లోపల కూడా ఖాళీ ఉంటుంది. ఇలా: « బోంజూర్ ».

ఇంకా ఉంది. మనం 50% అని కలిపి రాస్తాం, వాళ్ళు 50 % అని మధ్యలో ఖాళీ పెడతారు. ఇంగ్లీషులో €20 అంటే ఫ్రెంచ్‌లో 20 €. పది వేలని ఇంగ్లీషులో 10,000 అని కామాతో రాస్తే, ఫ్రెంచ్‌లో 10 000 అని ఖాళీతో రాస్తారు. ఎందుకంటే వాళ్ళకి కామా అంటే దశాంశ బిందువు. మన 2.5 వాళ్ళకి 2,5.

ఇదంతా ఎవరో సరదాగా పెట్టిన రూల్ కాదు. ఫ్రాన్స్‌లో ప్రభుత్వ ముద్రణాలయం ఒకటి ఉంది. 1640లో, రాజు పదమూడో లూయీ కాలంలో, ఆయన మంత్రి రిషెల్యూ దాన్ని లూవ్ర్ రాజభవనంలో మొదలుపెట్టాడు. తర్వాత అది జాతీయ ముద్రణాలయం అయింది. అచ్చులో ఏది ఎలా ఉండాలో వాళ్ళు వేసిన రూల్ బుక్‌ని ఫ్రెంచ్ ఎడిటర్లు ఇప్పటికీ దగ్గర పెట్టుకుంటారు. అందులో ఖాళీల సైజులు కూడా చెప్పారు. సెమీకోలన్, ప్రశ్న గుర్తు, ఆశ్చర్యార్థకం ముందు సన్న ఖాళీ. కోలన్ ముందు, కోణాల కోట్స్ లోపల మామూలు వెడల్పు ఖాళీ. రెండు సైజులు అన్నమాట.

ఖాళీకి సైజు ఏంటి అని అడుగుతారేమో. ఇది అర్థం కావాలంటే సీసపు అచ్చుల కాలానికి వెళ్ళాలి. అప్పట్లో ప్రతి అక్షరం ఒక లోహపు ముక్క. కంపోజిటర్ వాటిని ఒక్కొక్కటిగా తీసి వరసలో పేర్చేవాడు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ కావాలంటే ఊరికే వదిలేస్తే కుదరదు, అక్షరాలు కదిలిపోతాయి. అక్కడ కూడా ఒక ముక్క పెట్టాలి. అక్షరాల కన్నా ఎత్తు తక్కువగా ఉండే ముక్క, కాబట్టి దానికి సిరా అంటదు, కాగితం మీద పడదు. ఆ ముక్కలు సన్నవీ, మధ్యరకంవీ, వెడల్పువీ విడివిడి అరల్లో ఉండేవి. అంటే వాళ్ళ దృష్టిలో ఖాళీ అనేది చేత్తో పట్టుకునే వస్తువు. ఫ్రెంచ్‌లో "ఎస్పాస్" అనే మాట మామూలుగా పుంలింగం. అచ్చుపనిలో వాడే ఖాళీకి వచ్చేసరికి అదే మాట స్త్రీలింగం అయిపోతుంది. ఆ ఖాళీకి భాషలోనే ఒక ప్రత్యేకమైన చోటు ఇచ్చారు చూడండి.

మరి గుర్తు ముందు సన్న ముక్క ఎందుకు? ఇంగ్లీషు చిన్నబడి ఎల్ అక్షరం ఒకసారి ఊహించుకోండి. ఒక నిలువు గీత. దాని పక్కనే ఆశ్చర్యార్థకం పెట్టండి. రెండు గీతలు పక్కపక్కన నిలబడి, ఇంకో ఎల్ ఉందేమో అనిపిస్తుంది. ఎఫ్ అక్షరం అయితే తల ముందుకు వంచి గుర్తుకి తగులుతుంది. మధ్యలో వెంట్రుకంత ఖాళీ ఇస్తే గుర్తు విడిగా కనిపిస్తుంది, కన్ను తడబడదు. చుక్క, కామా కింద గీత దగ్గరే ఉంటాయి కాబట్టి వాటికి ఈ ఇబ్బంది లేదు.

ఇప్పుడు అసలు ట్విస్ట్. ఈ పద్ధతి ఒక్క ఫ్రెంచ్ వాళ్ళదే అనుకుంటున్నారా? పంతొమ్మిదో శతాబ్దంలో అచ్చయిన ఇంగ్లీషు పుస్తకాల స్కాన్లు ఆన్‌లైన్‌లో బోలెడు దొరుకుతాయి. ఏదో ఒకటి తెరిచి సెమీకోలన్ల దగ్గర జూమ్ చేయండి. ముందు సన్న ఖాళీ కనిపిస్తుంది. అప్పట్లో ఇంగ్లీషు ప్రింటర్లు కూడా ఫ్రెంచ్ వాళ్ళలాగే పెట్టేవాళ్ళు. అంటే ఇవాళ మనం తప్పు అంటున్నది, ఒకప్పుడు లండన్‌లో మంచి పనితనానికి గుర్తు.

మరి ఎలా పోయింది? చేత్తో పేర్చే పని మెషీన్లకి మారింది. కీబోర్డ్ ముందు కూర్చుని మీటలు నొక్కితే మెషీన్ అచ్చు పోసేది. ప్రతి ప్రశ్న గుర్తు ముందు ఇంకో సన్న ఖాళీ నొక్కడమంటే అదనపు పని, అదనపు టైమ్. యాన్ చికోల్ట్ అని ఒక జర్మన్ డిజైనర్ ఉన్నాడు, 1947లో పెంగ్విన్ పుస్తకాల కంపెనీకి వచ్చాడు. ప్రింటర్ల కోసం నాలుగు పేజీల రూల్స్ రాశాడు. అందులో ఒక రూల్ ఏంటంటే, కీబోర్డ్ మీద వీలయితే ప్రశ్న గుర్తు, ఆశ్చర్యార్థకం, కోలన్, సెమీకోలన్ ముందు సన్న ఖాళీ పెట్టమని. "వీలయితే" అనే ఆ మాట గమనించారా? అంత పట్టుదల ఉన్న మనిషి కూడా కీబోర్డ్ దగ్గరికి వచ్చేసరికి కాస్త తగ్గాడు. ఇంగ్లీషులో ఆ సన్న ఖాళీ మెల్లగా మాయమైంది. ఫ్రెంచ్‌లో మాత్రం నిలబడింది.

టైప్‌రైటర్ వచ్చాక రెండు భాషలకీ ఇంకో చిక్కు. టైప్‌రైటర్‌లో ఐ అయినా ఎమ్ అయినా ఒకటే వెడల్పు, స్పేస్ కూడా అంతే. సన్న ఖాళీ అనేదే లేదు. ఫ్రెంచ్ టైపిస్టులు ఏం చేశారు? సన్న ఖాళీ చోట మొత్తం స్పేస్ కొట్టారు. వెంట్రుకంత ఉండాల్సిన సందు అక్షరమంత అయింది. మనకి ఇవాళ ఫ్రెంచ్ మెసేజ్‌లలో కనిపించే ఆ పెద్ద ఖాళీ ఇలా వచ్చిందే.

ఇంగ్లీషు టైపిస్టులకి వచ్చిన అలవాటు వేరు. అప్పటి అచ్చులో వాక్యానికీ వాక్యానికీ మధ్య వెడల్పు ఖాళీ ఉండేది. దాన్ని చూపించడానికి వాళ్ళు ఫుల్‌స్టాప్ తర్వాత స్పేస్ రెండుసార్లు కొట్టేవాళ్ళు. టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్న పాతతరం వాళ్ళు ఎవరైనా మీ ఇంట్లో ఉంటే, వాళ్ళ లెటర్లు చూడండి, మీకే కనిపించొచ్చు. ఈ రెండు స్పేసుల గొడవ చాలా ఏళ్ళు నడిచింది. రీసెర్చ్ పేపర్లు రాసేవాళ్ళు పాటించే ఏపీఏ స్టైల్ 2009లో, డ్రాఫ్టుల్లో రెండు పెట్టమని సలహా ఇచ్చింది. 2019లో వచ్చిన ఏడో ఎడిషన్‌లో ఒకటే చాలని మార్చేసింది. 2020 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ వర్డ్ కూడా రెండు స్పేసులని తప్పుగా చూపించడం మొదలుపెట్టింది. అక్కడితో ఆ గొడవ దాదాపు సద్దుమణిగింది.

ఆ రెండు స్పేసులకి మీ ఫోన్‌లో ఒక చుట్టం ఉంది. ఇంగ్లీషు కీబోర్డ్‌లో ఒక మాట రాసి స్పేస్ బార్‌ని వెంటవెంటనే రెండుసార్లు నొక్కండి. చాలా ఫోన్లలో ఫుల్‌స్టాప్, దాని తర్వాత ఒక ఖాళీ వాటంతట అవే పడతాయి. సజెషన్‌లో వచ్చిన మాట నొక్కితే చివర ఖాళీ వస్తుంది కదా, వెంటనే ప్రశ్న గుర్తు కొట్టి చూడండి. చాలా కీబోర్డులు ఆ ఖాళీని తీసేసి గుర్తుని మాటకి అతికిస్తాయి. ఇంగ్లీషు రూల్ మీకు తెలియకపోయినా మీ కీబోర్డ్‌కి తెలుసు.

ఇప్పుడు కంప్యూటర్ లోపలికి వెళ్దాం. నేను జాబ్ చేసే రోజుల్లో కళ్ళారా చూసింది ఒకటి చెప్తా. మా టీమ్ ఫ్రెంచ్ వాళ్ళ కోసం ఒక మొబైల్ యాప్ చేసింది. ట్రాన్స్‌లేషన్ ఫైల్ వచ్చింది. మా టీమ్‌లో ఒకబ్బాయి, చాలా బుద్ధిమంతుడు, ఫైల్ మొత్తం చూసి "అన్నా, వీళ్ళు ప్రతి ప్రశ్న గుర్తు ముందు స్పేస్ కొట్టేశారు, టైపింగ్ సరిగ్గా రాదేమో" అన్నాడు. చిన్న స్క్రిప్ట్ రాసి అన్నీ ఒకేసారి తీసేశాడు. రెండు రోజుల తర్వాత క్లయింట్ నుంచి మెయిల్ వచ్చింది, మా టెక్స్ట్‌ని ఎవరు పాడుచేశారు అని. పాపం, వాడు మళ్ళీ అన్నిచోట్లా స్పేస్ పెట్టాడు. ఈసారి స్పేస్ బార్ కొడితే వచ్చే మామూలు స్పేస్. పెద్ద ఫోన్లలో బానే ఉంది. చిన్న ఫోన్‌లో ఓపెన్ చేస్తే స్క్రీన్ ఇలా వచ్చింది.

మీ అకౌంట్ తీసేయమంటారా

?

ప్రశ్న గుర్తు ఒక్కటే కింద లైన్‌లో అనాథలా నిలబడింది. ఎందుకంటే లైన్ ఎక్కడ విరగ్గొట్టాలో ఫోన్ ఖాళీలు చూసే నిర్ణయిస్తుంది. మామూలు స్పేస్ కనిపిస్తే "ఇక్కడ విరగొచ్చు" అనుకుంటుంది. విరిచేసింది.

దీనికి మందు ఉంది. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ నంబర్ ఉంటుంది కదా. మామూలు స్పేస్ నంబర్ 32. దాని పక్కనే ఇంకో స్పేస్ ఉంది, నంబర్ 160. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. కానీ 160 చెప్పేదేంటంటే, నాకు అటూ ఇటూ ఉన్నవి విడదీయొద్దు అని. నాన్ బ్రేకింగ్ స్పేస్, విడిపోని ఖాళీ. వెబ్ పేజీలు రాసినవాళ్ళకి ఎన్‌బీఎస్పీ అంటే వెంటనే వెలుగుతుంది. ఆ అబ్బాయి 32ల చోట 160లు పెట్టాడు. ప్రశ్న గుర్తు మళ్ళీ మాట పక్కకి వచ్చేసింది. అంకెల్లో అయితే ఇది ఇంకా ముఖ్యం. బిల్లులో 10 000 అనే చోట మామూలు స్పేస్ ఉంటే, లైన్ చివర 10, కింద లైన్‌లో 000 రావచ్చు. పది వేలు కట్టాల్సినవాడు పది అనుకుంటాడు.

160 వెడల్పు మామూలు స్పేస్ అంతే ఉంటుంది. మరి ఫ్రెంచ్ రూల్ బుక్ అడిగిన సన్న ఖాళీ? దానికీ నంబర్ ఉంది, 8239. కోడింగ్ వాళ్ళ భాషలో 202ఎఫ్. 1999లో యూనికోడ్ మూడో వెర్షన్‌లో వచ్చింది. నిజానికి దాన్ని పెట్టింది మంగోలియన్ లిపి కోసం. ఆ లిపిలో మాటకి ప్రత్యయం తగిలించేటప్పుడు మధ్యలో సన్న ఖాళీ, విడిపోని ఖాళీ కావాలి. సన్నగా ఉంది, విడిపోదు, ఫ్రెంచ్ వాళ్ళకి కావాల్సింది అదే. వాళ్ళు కూడా అదే వాడుకుంటున్నారు.

కానీ ఈ స్పేసులు కొట్టడానికి మామూలు ఫ్రెంచ్ విండోస్ కీబోర్డ్ మీద మీటే లేదు. వర్డ్‌లో ఫ్రెంచ్ భాష పెట్టుకుంటే అదే వేస్తుంది. వేరే చోట గుర్తుపెట్టుకుని నంబర్లు కొట్టాలి. 2019లో ఫ్రాన్స్ ప్రమాణాల సంస్థ ఆఫ్‌నోర్ కొత్త కీబోర్డ్ ప్రమాణం విడుదల చేసింది. అందులో విడిపోని స్పేస్‌కి కూడా చోటిచ్చారు. ఒక దేశం కీబోర్డ్ డిజైన్ చేసేటప్పుడు కనిపించని అక్షరం గురించి కూడా కూర్చుని మాట్లాడుకున్నారంటే చూడండి.

కోడింగ్ చేసేవాళ్ళు ఇప్పుడు చెవులు ఇటు పెట్టండి. ఏ భాషలో తేదీ ఎలా రాస్తారు, టైమ్ ఎలా రాస్తారు, అంకెల మధ్య ఏం పెడతారు, ఇవన్నీ ఒకచోట పెట్టిన డేటా ఉంది. సీఎల్‌డీఆర్ అంటారు, యూనికోడ్ సంస్థ నడుపుతుంది. మీ బ్రౌజర్, మీ ఫోన్ దాన్నే వాడతాయి. 2018లో వచ్చిన 34వ వెర్షన్‌లో ఫ్రెంచ్ అంకెల మధ్య ఉన్న 160ని తీసి 8239 పెట్టారు. కంటికి పెద్ద తేడా ఏం లేదు. కానీ అప్పటిదాకా 160 వస్తుందని నమ్మి రాసిన టెస్టులు ఫెయిల్ అయ్యాయి.

తర్వాత ఇది ఇంగ్లీషుకి కూడా వచ్చింది. 2022 అక్టోబర్‌లో 42వ వెర్షన్ వచ్చింది. అమెరికన్ ఇంగ్లీషు టైమ్‌లో 10:30కి, ఏఎమ్‌కి మధ్య ఉన్న మామూలు స్పేస్ తీసి 8239 పెట్టారు. ఆలోచన మంచిదే, ఏఎమ్ కింద లైన్‌లోకి జారిపోకూడదని. 2023 ఫిబ్రవరిలో క్రోమ్ 110 ఈ మార్పుతో వచ్చింది. ఇక చూస్కోండి. టైమ్‌ని మామూలు స్పేస్ దగ్గర రెండు ముక్కలు చేసే కోడ్ ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా విరిగింది. కోడ్ 32 కోసం వెతుకుతోంది, అక్కడున్నది 8239. స్క్రీన్ మీద చూస్తే రెండూ ఒకటే, "10:30 ఏఎమ్". డీబగ్ చేసేవాళ్ళు గంటలు గంటలు చూసినా కంటికి ఏమీ కనపడదు. చివరికి క్రోమ్ వాళ్ళు తమ వైపు నుంచి పాత మామూలు స్పేస్‌నే మళ్ళీ తెచ్చి పెట్టారు. ఇంగ్లీషు ఎప్పుడో వదిలేసిన సన్న ఖాళీ, ఇలా వెనక దారిలో తిరిగొచ్చి కొన్ని వారాలు అందరినీ పరిగెత్తించింది.

కాబట్టి కోడ్ రాసేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. మనుషులకి చూపించడానికి తయారైన టైమ్‌ని, అంకెని మళ్ళీ ముక్కలు చేసి లెక్కలకి వాడొద్దు. లెక్కకి లెక్క వాల్యూ వేరేగా ఉంచుకోండి. రెండు టెక్స్టులు ఒకేలా కనిపిస్తూ కూడా ఈక్వల్ కావట్లేదంటే, ముందు స్పేస్‌ల నంబర్లు ప్రింట్ చేసి చూడండి.

ఫ్రెంచ్ నేర్చుకుంటున్నవాళ్ళకి ఒక జాగ్రత్త. ఇప్పటిదాకా చెప్పింది ఫ్రాన్స్ పద్ధతి. మనవాళ్ళు చదువులకి కెనడాలో క్యుబెక్ కూడా వెళ్తుంటారు. అక్కడ కూడా ఫ్రెంచే, కానీ రూల్ కొంచెం వేరు. క్యుబెక్ ప్రభుత్వ ఫ్రెంచ్ భాషా కార్యాలయం ఏం చెబుతుందంటే, సన్న ఖాళీ పెట్టే వీలు లేకపోతే ప్రశ్న గుర్తు, ఆశ్చర్యార్థకం, సెమీకోలన్ ముందు అసలు ఖాళీ వదలొద్దని. కోలన్ ముందు, కోణాల కోట్స్ లోపల మాత్రం ఉంచమంటుంది. కాబట్టి పారిస్ కాలేజీకి రాసే లెటర్ ఒకలా, మాంట్రియల్ కాలేజీకి రాసే లెటర్ ఇంకోలా ఉంటుంది. ఒకటే భాష, సముద్రం దాటితే ఖాళీ మారింది.

ఇక మన తెలుగు. తాళపత్రాల్లో మన పెద్దవాళ్ళు మాటల మధ్య కూడా ఖాళీ ఇవ్వకుండా కలిపి రాసుకుంటూ వెళ్ళేవారు. ఈ కామా, ప్రశ్న గుర్తు మనకి అచ్చు యంత్రంతో పాటు ఇంగ్లీషు వైపు నుంచి వచ్చాయి. కాబట్టి ఇవాళ తెలుగు పుస్తకాలు, పేపర్లు పాటించేది ఇంగ్లీషు పద్ధతే. గుర్తు మాటని ఆనుకుని ఉండాలి, ఖాళీ దాని తర్వాత. చాట్‌లో మీ ఇష్టం. పది మంది చదివే పోస్ట్ అయితే, మెయిల్ అయితే, పంపే ముందు ఒక్కసారి చూసుకోండి. చాలా సింపుల్ టెస్ట్ ఉంది. ఫోన్‌ని అడ్డంగా తిప్పండి, మళ్ళీ నిలువుగా తిప్పండి. లైన్లు కొత్తగా విరుగుతాయి. ఏదైనా గుర్తు లైన్ మొదట్లో ఒంటరిగా కనిపిస్తే, దాని ముందు ఉండకూడని ఖాళీ ఉందని అర్థం.

ఇంకొక్క మాట. ఆఫీసులో పారిస్ నుంచి ఎవరో ఇంగ్లీషులో మెయిల్ పంపుతారు. ప్రతి ప్రశ్న గుర్తు ముందు ఒక ఖాళీ ఉంటుంది. చూడగానే "ఇంత పెద్ద పోస్ట్‌లో ఉండి టైపింగ్ కూడా రాదా" అని నవ్వుకునేవాళ్ళు ఉంటారు. ఆయనకి టైపింగ్ వచ్చు. చిన్నప్పుడు టీచర్ నేర్పిన రూల్‌ని, ముక్కలు లెక్కపెట్టి మరీ, శ్రద్ధగా పాటిస్తున్నాడు. మన ఇంగ్లీషు మెయిల్‌లో మన బడి అలవాట్లు కూడా అలాగే కనిపిస్తుంటాయి, మనకి తెలియకుండానే. దిద్దే అవసరం ఉంటే దిద్దండి, నవ్వే ముందు మాత్రం అవతలివాళ్ళ భాషలో రూల్ ఏంటో ఒకసారి కనుక్కోండి.

అదీ ఫ్రెండ్స్ ఈ ఎపిసోడ్. ఇప్పుడు మీకొక చిన్న పని. మీ వాట్సాప్‌లో మీరు చివరగా పంపిన పది మెసేజ్‌లు తీసి, ప్రశ్న గుర్తుల ముందు ఖాళీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఆ నంబర్ కామెంట్స్‌లో పెట్టండి. ఫ్రెంచ్ తెలిసినవాళ్ళు ఉంటే మీ కీబోర్డ్‌లో ఆ సన్న ఖాళీ ఎలా కొడతారో కూడా రాయండి, మిగతావాళ్ళకి పనికొస్తుంది. వీడియో నచ్చితే ఒక లైక్, రెజ్యూమే రాస్తున్న మీ ఫ్రెండ్‌కి ఒక షేర్. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.